సైలెన్సర్లు తొక్కించారు సరే, క్యాట్ సంగతి ఎవరు చూస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది బరంపురం, అంకులి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పొద్దున్న టీతో మాత్రం మీ పేపరే, మా తాతగారి రోజుల్నుంచి అంతే. మొన్న మీ పేపర్లో రోడ్ రోలర్ కింద సైలెన్సర్లు వరసగా పెట్టి తొక్కిస్తున్న ఫొటో చూశాను, పక్కన పోలీసులు నిలబడి ఉన్నారు, కింద నాలుగు లైన్ల వార్త. మంచిదే, మా వీధిలో కూడా రాత్రి పదకొండింటికి బుల్లెట్ టపటపలాడించే కుర్రాళ్ళున్నారు, వాళ్ళవి తొక్కిస్తే నేనే స్వీట్లు పంచుతాను. కానీ ఆ వార్త చదివితే తప్పంతా చప్పుడులోనే ఉన్నట్టు అనిపించింది, పొగలో విషాన్ని తగ్గించే క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్) ఊసే లేదు, అందుకే ఈ ఉత్తరం. ఎందుకంటే నేనూ ఆ తప్పు చేసినవాడినే, నాది బండి కాదు, కారు.

పోయిన సంవత్సరం హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాను, రెండు డోర్లు, రెండు లీటర్ల టర్బో పెట్రోలు, పదేళ్ళ పాతది. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని "ఆ బొమ్మ" అనే అంటుంది, వెనక సీట్లో బియ్యం బస్తా కూడా పట్టదు కాబట్టి. కొన్నాక అందరికీ పట్టే పిచ్చే నాకూ పట్టింది, సౌండు మార్చాలి అని. ఆన్‌లైన్లో స్టెయిన్‌లెస్ స్టీలు క్యాట్ బ్యాక్ సెట్టు తెప్పించాను, క్యాట్ బ్యాక్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర్నుంచి వెనక బంపర్ దాకా ఉండే గొట్టాలు, మఫ్లరు (అదే సైలెన్సరు) అన్నమాట, ముందున్న క్యాట్ జోలికి పోదు.

అది ఇంట్లో బిగించడం నిజంగా అంత కష్టం కాదు. ముందురోజు రాత్రే నట్లన్నిటికీ తుప్పు వదిలే ఆయిలు కొట్టి ఉంచాను, మనకి గోపాల్పూర్ గాలి కదా, ఉప్పు తిని నట్టూ స్టడ్డూ ఒకటైపోయి ఉంటాయి. పొద్దున్నే షెడ్డు గచ్చు మీద జాకీతో ఎత్తి నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి (ఒట్టి జాకీ మీద నమ్మకం పెట్టి కిందకి దూరినవాడు నాకు తెలిసి ఒకడున్నాడు, ఇప్పుడు కుంటుతున్నాడు) గోనెపట్టా వేసుకుని దూరాను. రబ్బరు హ్యాంగర్లు ఎంత లాగినా రావు, సబ్బునీళ్ళు పూస్తే మాత్రం సర్రున జారిపోయాయి. పాత మఫ్లరు దింపడానికి ఇద్దరు కావాలి, మా బావ కొడుకు పట్టుకున్నాడు. కొత్తది ఎక్కించేటప్పుడు క్లాంపులన్నీ వదులుగా ఉంచి, గొట్టం బాడీకి ఎక్కడా తగలకుండా వేలు పట్టేంత సందు చూసుకుని, అప్పుడు ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటీ బిగించుకుంటూ రావాలి, ఒక చివర ముందే గట్టిగా బిగించేస్తే రెండో చివర ఎప్పటికీ కుదరదు. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. స్టార్ట్ చేస్తే ఆహా అనిపించింది. ఇచ్ఛాపురం దాకా హైవే మీద వెళ్ళేసరికి ఆ ఆహా పోయింది, 2500 ఆర్పీఎం దగ్గర లోపల బుర్ర్ర్ అని ఒకటే మోత, మా ఆవిడ తలనొప్పి మాత్ర వేసుకుంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. పవరు కూడా వస్తుందని ఎవరో అంటే టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజన్లోకి గాలి ఎక్కించేది) వెనకాల పొగ దిగే గొట్టం, డౌన్‌పైపు కూడా తెప్పించాను, క్యాట్ లేనిది. పాత డౌన్‌పైపు లోపల క్యాట్ ఉంటుంది, తేనెపట్టు లాంటి అచ్చు, దాని సన్నటి గదుల గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. ఇంజన్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుని కార్బన్ డయాక్సైడు చేస్తుంది, కాలకుండా మిగిలిన పెట్రోలుని కాల్చేస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లని విడగొడుతుంది. మన దేశంలో ఇది 1995 ఏప్రిల్లో ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసుల్లో కొత్త పెట్రోలు కార్లకి మొదలైంది, దీని కోసమే సీసం లేని పెట్రోలు తెచ్చారు, ఎందుకంటే సీసం తగిలితే ఆ పూత పాడైపోతుంది. 2000 ఫిబ్రవరికి దేశమంతా సీసం లేని పెట్రోలే. అంత తిప్పలు పడి పెట్టిన వస్తువుని నేను ఒక ఆదివారం కూర్చుని పీకేశాను, అదీ గొప్పగా ఫొటోలు తీసుకుంటూ.

పీకడం కూడా సుళువు కాలేదు లెండి. టర్బో దగ్గర ఒక స్టడ్డు పటుక్కున విరిగింది, లేత్ షాపాయన వచ్చి "భాయ్‌నా, నిన్ననే పిలవాల్సింది" అని దాని మీద నట్టు పెట్టి వెల్డింగు కొట్టి తిప్పి తీశాడు. ఆక్సిజన్ సెన్సారు 22 నంబరు పానాతో విప్పాలి, వైరు మెలిక పడకుండా ప్లగ్గు ముందే తీసెయ్యాలి, నేను తియ్యలేదు, ఒక వైరు తెగింది. అంతా అయ్యాక డాష్‌బోర్డులో ఇంజను లైటు వెలిగింది, క్యాట్ వెనక ఉండే సెన్సారుకి క్యాట్ లేదని తెలిసిపోతుంది కదా. దానికీ మందు అమ్ముతారు, స్పేసర్ అని చిన్న ఇత్తడి ముక్క, సెన్సారుని గొట్టంలోంచి కాస్త వెనక్కి జరిపితే అంతా బాగున్నట్టే అనుకుంటుంది. బిగించాను, లైటు ఆరింది. ఇక్కడ ఒక్కటి గమనించండి, ఈ పనంతా చేశాక నా కారు చప్పుడు పెద్దగా పెరగలేదు. టర్బోయే సగం చప్పుడు మింగేస్తుంది. నేను ఆ మోత భరించలేక పాత మఫ్లరే మళ్ళీ ఎక్కించాను కూడా, అప్పుడైతే కారు కంపెనీ నుంచి వచ్చినప్పటికన్నా కొంచెం గట్టిగా, అంతే. ఏ పోలీసూ చెయ్యి ఎత్తి ఆపలేదు.

ఇక వర్షాకాలంలో ఒక సాయంత్రం. డౌన్‌పైపు జాయింటు దగ్గర టిక్కు టిక్కుమని శబ్దం వస్తోంది, గ్యాస్కెట్ (జాయింటు మధ్య పెట్టే సీలు) లీకు. బయట కుండపోత, షట్టరు సగం దించి షెడ్డులోనే కారు ఆన్ చేసి నేనూ మా బావ కొడుకూ టార్చిలైటు పట్టుకుని చూస్తున్నాం. పాత అంబాసిడర్ వెనకాల నిలబడితే కళ్ళు మండేవి చూడండి, ఆ వాసన. పది నిమిషాలైందో పావుగంటైందో నాకు కణతల దగ్గర దిమ్ముగా అయ్యింది, వాడు గోడకి ఆనుకుని "మావా, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు, నేనేమో మధ్యాహ్నం సరిగ్గా తినలేదేమోలే అన్నాను. కాఫీ ఇవ్వడానికి వచ్చిన మా అప్ప, అంటే అక్క, షట్టరు ఎత్తి "ఏట్రా మీ మొహాలు అలగున్నాయి, బయటికి రండి ముందు" అని వాణ్ణి చెయ్యి పట్టుకుని వానలోకే లాగేసింది. బయటికొచ్చాక వాడు వాంతి చేసుకున్నాడు. వాసన వచ్చేది వేరే వాటిది, చంపేదానికి వాసన లేదు, రంగు లేదు. కార్బన్ మోనాక్సైడు రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుందని ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను, వాడికి పద్దెనిమిదేళ్ళు, మా అక్కకి ఏం సమాధానం చెప్పేవాణ్ణి. (లీకు చూడ్డానికి ఆరుబయట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి అగరబత్తి జాయింటు దగ్గర పెడితే చాలు, లీకు ఉన్నచోట పొగ చెదిరిపోతుంది, షెడ్డులో దూరాల్సిన పనే లేదు.)

ఇదంతా నా తెలివితక్కువ, ఒప్పుకుంటాను. ఎడిటర్ గారూ, అసలు నేను చెప్పాలనుకున్నది దీని తరవాత జరిగింది.

క్యాట్ లేని కారుతోనే పొల్యూషన్ సర్టిఫికెట్ అయిపోతే ఒక సెంటర్‌కి వెళ్ళాను. ఏ సెంటరో, సరిహద్దుకి ఇటో అటో చెప్పను, ఆ కుర్రాడి ఉద్యోగం పోతుంది. ఫెయిలవుతాననే భయంతోనే వెళ్ళాను నిజానికి. మా కారు లాంటి బీఎస్4 (భారత్ స్టేజ్ 4 పొగ నియమాల నాటి) పెట్రోలు కార్లకి ఐడిల్‌లో, అంటే కారు కదలకుండా ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు) 200 పీపీఎం, అంటే పది లక్షల్లో 200 పాళ్ళు, దాటకూడదు, గొట్టంలో పొగ కొలిచే ప్రోబ్ పెట్టి చూడాలి, 2500 ఆర్పీఎం దాకా లేపి ఇంకోసారి చూడాలి. ఆ కుర్రాడు ఫోన్ మాట్లాడుతూనే వచ్చి నంబరు ప్లేటు ఫొటో తీశాడు, "ఇంజను ఆఫ్ చెయ్యండి అన్నా, వేడిగా ఉంది" అన్నాడు, లోపలికెళ్ళి ప్రింటు తెచ్చి ఇచ్చాడు. ప్రోబు గోడకి మేకుకి వేలాడుతోంది, దాని మీద బూజు ఉంది. నా సర్టిఫికెట్లో కార్బన్ మోనాక్సైడు 0.02 అని వచ్చింది. కొత్త కారుకి కూడా గర్వపడాల్సిన అంకె.

ఇప్పుడు చెప్పండి, చట్టం లేదా అంటే బోలెడుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. శబ్దమూ పొగా రూల్సు తప్పితే 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా ఫైను, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు పోతుంది. అన్నీ ఉన్నాయి, అమలు మాత్రం చెవితో జరుగుతోంది. కారు తయారయ్యేటప్పుడు 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలిచి 74 డెసిబెల్స్ దాటకూడదన్నారు, రోడ్డు మీద అలా కొలిచేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి ఎవరి బండి గట్టిగా అరిస్తే వాడు దొరుకుతాడు. క్యాట్ పీకేసినవాడు మెల్లగా మెడికల్ కాలేజీ ఆసుపత్రి ముందు నుంచి కూడా దర్జాగా వెళ్ళిపోతాడు, నేను ఎన్నిసార్లు వెళ్ళానో. నన్నడిగితే ఈ ఇద్దరిలో రెండోవాడే పెద్ద దొంగ, మఫ్లరు మార్చినవాడు నిద్ర చెడగొడతాడు అంతే.

ఇంకో బాధ ఏంటంటే, క్యాట్ అలాగే ఉంచి మఫ్లరు ఒక్కటే మార్చుకుంటా, కొలవండి, లెక్కలోపల ఉంటే కాగితం ఇవ్వండి అని రవాణా ఆఫీసుకి వెళ్ళి అడిగితే అక్కడాయన నన్ను పైనుంచి కిందకి చూసి "పాతదే ఉంచుకోండి బాబూ" అన్నాడు. కరెక్టే అన్నాడేమో. కానీ సరిగ్గా చేసుకుందామనుకునేవాడికి దారి చూపించకుండా, క్యాట్ పీకినవాడికి 0.02 అని ప్రింటు కొట్టి ఇస్తుంటే కుర్రాళ్ళు ఏ వైపు పోతారో మీకే తెలుసు.

నా క్యాట్ మళ్ళీ బిగించేశాను, కొత్త గ్యాస్కెట్, కొత్త స్టడ్లు, సెన్సారు వైరుతో కలిపి పైపు కొన్నదానికన్నా ఎక్కువే అయ్యింది. ఆ ఖాళీ డౌన్‌పైపు షెడ్డులో మూలన ఉంది, కొంటామని ముగ్గురు ఫోన్ చేశారు, ఇవ్వలేదు.

ఈసారి రోడ్ రోలర్ ఫొటో వేసేటప్పుడు మీ విలేకరిని ఒక్కసారి పొల్యూషన్ సెంటర్‌కి కూడా పంపండి, ప్రోబు గొట్టంలో ఉందో మేకుకి ఉందో చూసి రమ్మనండి. క్యాట్ లేనప్పుడు నాకిచ్చిన సర్టిఫికెట్ ఇంకా నా దగ్గరే ఉంది, గడువు నాలుగు నెలలుంది, కావాలంటే ఫొటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
అంకులి, బరంపురం, గంజాం జిల్లా