బుడమేరు రెండు విభాగాల మధ్య ఆగిపోకూడదు

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లోని మా ఇంటి ముందుగది గోడ మీద, స్విచ్‌బోర్డుకు జానెడు పైన, 2024 సెప్టెంబరు వరద వదిలిన బురద చార ఇంకా ఉంది. రెండుసార్లు సున్నం వేయించినా చెమ్మతో పాటు మళ్లీ పైకి తేలుతోంది.

ఆ వరద ఒక్క శాస్త్రానికి అందే సమస్య కాదు. బుడమేరు మా నగరం గుండా పారే వాగు. వెలగలేరు రెగ్యులేటర్ (నీటిని మళ్లించే గేట్ల కట్టడం) దగ్గర మళ్లించిన దాని నీరు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి. కానీ ఆ రోజుల్లో బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, నిండిన నది ఆ నీటిని తీసుకోలేకపోయింది, మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. గట్టు బలం, ప్రవాహ వేగం సివిల్ ఇంజినీరు లెక్కలు. అదే ఏరు పాత దారిలో నగరపు మురుగును మోసుకుంటూ, 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేల అనే గుర్తింపు) పొందిన కొల్లేరు సరస్సుకు చేరుతుంది. మురుగు తిని గుర్రపుడెక్క పెరుగుతుంది, గుర్రపుడెక్క ప్రవాహాన్ని అడ్డుకుంటుంది (కాలువగట్టు మీద ఎవరినడిగినా చెబుతారు). పర్యావరణ శాస్త్రవేత్త పక్కన లేకపోతే ఇంజినీరు లెక్క తప్పుతుంది.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఈ రెండింటినీ కలిపి పీహెచ్‌డీ చేస్తానంటే, ఆ అంశం ఏ విభాగానికీ చెందదని దరఖాస్తు తిప్పి పంపారు. ఆ కాగితం చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు.

రెండు విభాగాల నుంచి చెరొక పర్యవేక్షకుడు ఉండేలా పీహెచ్‌డీ నిబంధన సవరించాలని, జలవనరుల శాఖ నీటిమట్టాల రికార్డులు పరిశోధక విద్యార్థులకు అందేలా చూడాలని, ఇవి వచ్చే వానాకాలానికి ముందే జరగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు