జామకాయను నిందించకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆధార్ సవరణల సంగతి రెండో పేజీలో ఉన్నాయి. మొదటి పేజీని ఈసారి పిల్లల తిండికి కేటాయించాను.

మధ్యాహ్నం పళ్లేలు కడిగే కుళాయి దగ్గర కాసేపు నిలబడితే చాలు, మన పిల్లలు ఏం తింటున్నారో తెలిసిపోతుంది. పప్పులో కూరగాయలు వేసి వండే డాల్మాలోని బొప్పాయి ముక్కలు, వంకాయ ముక్కలు, టమాటా తొక్కలు పళ్లెం అంచున వరుసగా చేరి ఉంటాయి. పప్పు, అన్నం మాత్రం ఖాళీ. గుడ్డు పెట్టిన రోజు గుడ్డూ అన్నమూ తిని లేచిపోతారు. బడి వదలగానే గేటు ఎదుటి కొట్లో ఐదు రూపాయల ప్యాకెట్టు, ఇంటికి వెళ్లాక టీలో బిస్కెట్లు, రాత్రికి మళ్లీ అన్నం, చారు. కడుపు నిండలేదని ఎవరూ అనలేరు. కానీ ఆ రోజు మొత్తంలో సి విటమిన్ ఎక్కడుందో వెతకండి. అన్నంలో లేదు, గుడ్డులో లేదు, బిస్కెట్టులో లేదు. ఉడికిన పప్పులో, కాచిన పాలలో ఉన్నా లేనట్టే.

ఇలా తాజా పండు, కూరగాయ ఏదీ లేకుండా ఒకటి నుంచి మూడు నెలలు గడిస్తే వచ్చే జబ్బు పేరు స్కర్వీ. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికుల జబ్బుగానే మనం దాన్ని పాఠాల్లో చదువుకున్నాం. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు జబ్బుపడిన 12 మంది నావికులను ఇద్దరిద్దరు చొప్పున విడదీసి రకరకాల మందులు ఇచ్చి చూస్తే, నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే వారం తిరగకముందే తేరుకున్నారు. అక్కడితో కథ ముగిసిందనుకుంటాం. కాని నాలుగైదు పదార్థాలు తప్ప మరేదీ ముట్టని పిల్లల్లో, ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లల్లో, వైద్యులు ఈనాటికీ స్కర్వీని చూస్తూనే ఉన్నారు. బొద్దుగా ఉన్న పిల్లలకూ రావచ్చు. బరువు చూసి ధీమా పడవద్దు.

మేక, కుక్క, ఆవు తమకు కావలసిన సి విటమిన్‌ను ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు, తిండిలోంచే రావాలి. చర్మాన్ని, చిగుళ్లను, ఎముకలను, సన్నని రక్తనాళాలను గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు సరిగా తయారవడానికి ఇది కావాలి. ఇది కరువైతే ఇటుకల మధ్య సిమెంటు రాలిన గోడలాగే ఒళ్లు లోపల్లోపల వదులైపోతుంది. మొదట నీరసం, చిరాకు. తర్వాత కాళ్ల నొప్పులు. నిన్నటిదాకా పరుగెత్తిన పిల్లవాడు కుంటుతాడు, ఎత్తుకోమంటాడు, నడవనని మొండికేస్తాడు. చిగుళ్లు వాచి రక్తం కారుతుంది, చర్మంపై వెంట్రుకల మొదళ్ల చుట్టూ చిన్న ఎర్ర చుక్కలు వస్తాయి, దెబ్బలు త్వరగా మానవు.

కాళ్ల నొప్పి అనగానే స్కర్వీ అని భయపడమని చెప్పడం లేదు. మన గజపతి, రాయగడ జిల్లాల వైపు సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న పిల్లలున్నారు, వాళ్లకూ కాళ్లు నొప్పి పెడతాయి. చిగుళ్ల రక్తానికి సరిగా పళ్లు తోముకోకపోవడమే ఎక్కువసార్లు కారణం. అది తేల్చవలసింది వైద్యులు. మీరు చేయవలసిందల్లా పిల్లవాడు ఏం తింటున్నాడో వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పడం. "అన్నీ తింటాడండీ" అని పరువు కోసం చెప్పే మాట వల్ల అక్కరలేని పరీక్షలన్నీ జరిగి, అసలు సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. స్కర్వీ అని తేలితే మాత్రం వైద్యం తేలిక. విటమిన్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే నొప్పి తగ్గుతుంది. మాత్రలు మీ అంతట మీరు కొని వేయకండి.

ఇక జామకాయ సంగతి. "జలుబు చేస్తుంది, మా వాడికి జామకాయ తిననివ్వకండి" అని చీటీలు పంపే తల్లులకు ఒక మనవి. జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ వల్ల వస్తుంది, జామకాయ వల్ల కాదు. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 40, 50 మిల్లీగ్రాముల సి విటమిన్ చాలు. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. జ్వరం వచ్చిందని పర్లాకిమిడి బజారులో డబ్బు పోసి కొనే ఆపిల్‌లో అదే తూకానికి ఐదు మిల్లీగ్రాములు కూడా ఉండడం కష్టం. సంతలో సవర గిరిజన ఆడవాళ్లు కొండ మీది నుంచి తెచ్చి కుప్పలు పోసి అమ్మే జామకాయలు, ఉసిరికాయలు, రేగుపళ్లు చూసీ చూడనట్టు దాటిపోతాం. చింతపండు పుల్లగా ఉంటుంది కదా అని చారుతో సరిపెట్టుకోవద్దు, అందులో సి విటమిన్ చాలా తక్కువ.

వచ్చే నెల నుంచి జీడిమామిడి పండ్లు వస్తాయి. పిక్క పలాస జీడిపప్పు మిల్లులకు పోతుంది, పండు తోటలోనే కుళ్లిపోతుంది. ఆ పండులో నారింజకు కొన్ని రెట్ల సి విటమిన్ ఉంది! వగరుకు గొంతు పట్టేస్తుందంటారా, ముక్కలు కోసి కాసేపు ఉప్పునీళ్లలో వేయండి. పచ్చి పిక్కను మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, పిక్క తొక్కలోని జీడి తగిలితే మూతి కాలుతుంది.

వంటలో చిన్న మార్పులు చాలు. కూరగాయలు కడిగాకే కోయండి, కోసి నీళ్లలో నానబెట్టకండి. మునగాకు, తోటకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి. నిమ్మరసం పొయ్యి దించాక పిండండి. చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టే పెద్దవాళ్ల అలవాటు మంచిదే, మానిపించకండి. బడిలో వంట చేసే అక్కలకూ ఇదే చెప్పాను. సోమవారం నుంచి డాల్మా దించాకే నిమ్మకాయలు పిండుతారు. పళ్లెం అంచున ముక్కలు మిగిల్చిన పిల్లలను తిట్టవద్దని, పక్కన కూర్చుని తినిపించమని ఉపాధ్యాయులను కోరాను.

పుట్టినరోజులకు చాక్లెట్ల బదులు జామకాయలు పంపండి. కోసి పెట్టే పని మాది, ఉప్పూకారమూ మావే.

బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రలు, చిన్నవాళ్లకు గులాబీ రంగువి, పెద్దవాళ్లకు నీలం రంగువి, భోజనం తర్వాతే వేస్తాం. ఆ పూట పిల్లలకు టీ ఇవ్వకండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. సి విటమిన్ దానికి సాయపడుతుంది కాబట్టి మాత్రకు ముందు తినే ఆ భోజనంలోనే నిమ్మరసం ఉంటే మంచిది. మాత్ర పడక వాంతి చేసుకునే పిల్లలుంటే తరగతి ఉపాధ్యాయులకు ముందే చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు