అమెరికా ఎన్నికల డబ్బు ఎక్కడికి పోతుందంటే

ఒరేయ్ బావా,

"అక్కడ ఓటుకు డబ్బులు పంచరు కదా, మరి అన్నన్ని కోట్లు ఎక్కడ తగలేస్తార్రా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

2024 అక్టోబర్‌లో మా ఇంట్లో టీవీ పెడితే చాలు, వాతావరణం వార్తలకి ముందొకటి, తర్వాతొకటి ఎన్నికల ప్రకటనే. సాయంత్రం పోస్టు డబ్బా తీస్తే నిండా నిగనిగలాడే అట్టలు. కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లి ఇంట్లో మాత్రం ఈ గోలే లేదు. అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలకి పంచిన ఎలక్టోరల్ ఓట్లు. వాళ్లకి అవి 54, మా పెన్సిల్వేనియాకి 19. అయినా డబ్బంతా మా మీదే కుమ్మరించారు. అక్కడ ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. ఇక్కడ 2016లో ట్రంప్ గెలిచింది 45 వేల ఓట్ల లోపు తేడాతో. రెండు రాష్ట్రాలు తప్ప అన్నిచోట్లా ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ వాళ్లవే.

ఆ ప్రకటనలు చూడగా చూడగా ఒకటి కనిపెట్టాను. అభ్యర్థి సొంత ప్రకటనలో "ఈ సందేశానికి నా ఆమోదం ఉంది" అని ఆయన గొంతే వినిపిస్తుంది. అది లేకుండా, అడుగున చిన్న అక్షరాల్లో ఏదో చక్కని పేరున్న సంస్థ కనబడితే అది బయటివాళ్లది, చాలావరకు సూపర్ ప్యాక్‌లది, అంటే అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా విడిగా ప్రచారానికి డబ్బు పోగుచేసి ఖర్చుపెట్టే సంఘాలది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో ఇచ్చిన తీర్పు వీటికి దారి తెరిచింది. అభ్యర్థితో కలవకుండా విడిగా ఖర్చు పెడితే హద్దు లేదు.

ఆ సొమ్ములో పెద్ద వాటా టీవీ స్టేషన్లకే. అభ్యర్థి సొంత ప్రకటనలో ఒక్క మాట తీసెయ్యాలని ఆ స్టేషన్ అనుకున్నా చట్టం ఒప్పుకోదు.

నాకు కడుపు మండేది మాత్రం ఓట్లయ్యాక జరిగే వాటి మీద. 2003లో మెడికేర్‌లో, అంటే ముఖ్యంగా పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలో, మందుల ఖర్చు కూడా చేర్చారు. అందులోనే, ధరల విషయంలో ప్రభుత్వం కంపెనీలతో బేరమాడకూడదని రాశారు. ఆ బిల్లు నడిపించిన వాళ్లలో ఒకడైన లూసియానా నుంచి ప్రతినిధుల సభకి వెళ్లిన బిల్లీ టౌజిన్ 2005లో మందుల కంపెనీల సంఘానికి అధ్యక్షుడయ్యాడు! మళ్లీ బేరానికి చట్టం ఒప్పుకునేసరికి 2022 వచ్చింది. మొదటి పది మందుల కొత్త ధరలు అమల్లోకి వచ్చింది 2026 జనవరిలో.

మా ఎదురింటి పెద్దావిడ వంటింటి బల్ల మీద పాత రశీదులు పరిచి చూపించింది. రక్తం గడ్డకట్టకుండా ఎలిక్విస్ వాడుతుంది. 2023లో నెలకి 521 డాలర్లున్న కంపెనీ జాబితా ధర ఇప్పుడు మెడికేర్‌కి 231. "ఇన్నేళ్లూ ఎవరు ఆపారు?" అని నన్నే అడిగింది. టౌజిన్ సంగతి చెప్పాను. కాగితం మీద ఆ పేరు రాసుకుంది.

నవంబర్‌లో మళ్లీ ఓట్లున్నాయి. అత్తయ్యని అడిగానని చెప్పు. జవాబు రాయి.

నీ బావ