బగ్గీలకు కంచె వేసిన మైదానం కావాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

నెల్లూరులో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో లేత్ పని చేసుకునే నేను, మా అన్న కొడుకు కలిసి ఎనిమిది నెలలు శ్రమించి, ఇసుకలోనూ గుంటల నేలలోనూ పరుగెత్తే ఒంటి సీటు రేసు బగ్గీని తయారు చేశాము. పాత పల్సర్ 220 ఇంజను, మారుతి 800 స్టీరింగ్ ర్యాకు, హబ్బులు కొని తెచ్చుకుని, మిగిలినదంతా మేమే వెల్డింగు చేసుకున్నాము. ఇదే పనిలో ఉన్న కుర్రాళ్లు జిల్లాలో మరికొందరు నాకు తెలుసు. వారి కోసమే ఈ లేఖ.

చవకగా దొరికిందని మొదట నీళ్లకు వాడే, జింకు పూత వేసిన జీఐ పైపుతోనే నడిపేవాడి చుట్టూ ఉండే పంజరం కట్టాము. వెల్డింగులో ఆ పూత కాలి లేచిన తెల్లటి పొగ పీల్చి ఆ రాత్రి అబ్బాయికి చలిజ్వరం వచ్చింది. రైతు అనుమతితో కోత అయిన పొలంలో నాలుగు చుట్లు తిప్పి తెచ్చి, రంగు గీకి చూస్తే, సీటు వెనుక నిలువు పైపుకు, వెల్డింగు అంచు వెంబడి, వెంట్రుకంత పగులు గోటికి తగిలింది. బండి తిరగబడితే నడిపేవాడి తలను కాయవలసిన పైపు అది. ఆ రోజే మొత్తం కోసివేశాము. ఇంజనీరింగ్ విద్యార్థులు ఇలాంటి బగ్గీలు కట్టి పోటీపడే బాహా పోటీల నిబంధనలు 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ గల ఉక్కు గొట్టాన్ని, లేదా అంతటి బలమున్న దాన్ని ఎందుకు కోరుతాయో అప్పుడు బోధపడింది. రెండోసారి ఆ కొలతకే అతుకు లేని (సీమ్‌లెస్) పైపు వేశాము. వెనుక ఇరుసు షాకబ్జర్లతో పాటు లేచి దిగినప్పుడల్లా చైను ఒకసారి బిగుసుకుని, మరోసారి వదులై ఊడిపోయేది; ఇరుసును మోసే చేతుల కీలును చైను తిప్పే ఇంజను పళ్లచక్రం (స్ప్రాకెట్టు) నడిమికి సూటిగా మార్చాకే అది కుదురుకుంది. వీపు వెనుకనున్న ఇంజనుకు ఎదురుగాలి తగలదు గనుక ఫ్యానూ పెట్టవలసి వచ్చింది.

అసలు కష్టం బండి తయారయ్యాక మొదలైంది. రిజిస్ట్రేషన్ లేని ఇలాంటి వాహనం రోడ్డెక్కడానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. రేసు ట్రాకు కావాలంటే తమిళనాడులో శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై దాకా పోవాలి. అందుకని కుర్రాళ్లు మైపాడు సముద్రతీరపు ఇసుకలోకి దిగుదామంటున్నారు. అక్కడ వలలు బాగు చేసుకునే మత్స్యకారులు, పిల్లలతో వచ్చే కుటుంబాలు ఉంటారు. పైగా చలికాలం చివరలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమిది. అక్కడ చక్రం తిప్పడం తప్పని వారికి గట్టిగానే చెబుతున్నాను గానీ, మరెక్కడికి పొమ్మనాలో చెప్పలేకపోతున్నాను.

కాబట్టి జిల్లా యంత్రాంగం సాగుకూ మేతకూ పనికిరాని ప్రభుత్వ బంజరులో కొన్ని ఎకరాలకు కంచె వేయించి, నెలకు ఒక్క ఆదివారమైనా ఈ బండ్లకు కేటాయించాలని కోరుతున్నాను. పాలిటెక్నిక్ అధ్యాపకులు ముందురోజే పంజరం, సీటు బెల్టులు, ఇంజను ఆపే స్విచ్చు, మంటలార్పే సిలిండరు పరీక్షించి, సరిగా ఉన్న బండినే లోపలికి రానివ్వాలి. నీళ్ల పైపుతో కట్టినదాన్ని నిర్మొహమాటంగా వెనక్కి పంపాలి. మా బగ్గీ ప్రస్తుతం షెడ్డులో పట్టా కప్పుకుని ఉంది. ఆ పరీక్షకు మొదట దాన్నే తీసుకువస్తాము.

ఇట్లు,
ఒక లేత్ షెడ్డు నిర్వాహకుడు,
నెల్లూరు