యంత్రం చదవడానికి తెలుగేదీ?

సంపాదకుడు గారికి,

కంప్యూటర్లు ఇంటర్నెట్‌లో ఉన్నదంతా చదివి వాటంతటవే నేర్చుకుంటాయని, తెలుగు కూడా అలాగే వచ్చేస్తుందని ఈమధ్య చాలామంది నిశ్చింతగా ఉంటున్నారు. ఏం చదివి నేర్చుకుంటాయని మాత్రం అడగడం లేదు.

ఈ ప్రయత్నం కొత్తదేమీ కాదు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో 'నెల్' అనే ప్రోగ్రాంను మొదలుపెట్టింది. రాత్రీ పగలూ వెబ్ పేజీలు చదువుతూ ఏది ఊరో, ఏది తినే వస్తువో తేల్చుకోవడం దాని పని. ఒకసారి 'ఇంటర్నెట్ కుకీలు' (వెబ్‌సైట్లు మన కంప్యూటర్లో దాచే చిన్న ఫైళ్లు) అన్న మాట చూసి, కుకీ అంటే బిస్కెట్ కూడా కాబట్టి, వాటిని బేకరీ సరుకులో కలిపేసింది. అంతటితో ఆగిందా? కుకీల్లాగే ఫైళ్లనూ డిలీట్ చేస్తారు కాబట్టి అవీ బేకరీ సరుకే అనుకుంది! మనుషులు కల్పించుకుని సరిదిద్దాల్సి వచ్చింది. ఇంగ్లిష్‌లో అయితే సరిపోల్చుకోవడానికి బోలెడంత రాత ఉంది. మనకో?

నేను డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కంపోజ్ చేసే పనిలో ఉన్నవాణ్ణి. మన పుస్తకాలు, కరపత్రాలు ఏళ్ల తరబడి ఎక్కువగా అను ఫాంట్లలోనే కంపోజ్ అయ్యాయి. తెర మీద చక్కని తెలుగే కనిపిస్తుంది గానీ ఫైల్ లోపల ఉండేవి వేరే గుర్తులు. అలాంటి పీడీఎఫ్ నుంచి ఓ పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి, పిచ్చి గీతలు వస్తాయి. యంత్రానికీ అదే గతి. ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టేలా ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, మనమే పూర్తిగా మారలేదు. ఇక ప్రభుత్వ కాగితాల సంగతి చెప్పక్కర్లేదు. 1966 నాటి అధికార భాషా చట్టం ఉన్నా జీవోలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వస్తాయి. తెలుగులో వచ్చినవాటిలోనూ చాలా మటుకు స్కాన్ బొమ్మలే.

వికీపీడియాలో ఔత్సాహికులు ఓపిగ్గా రాసింది పక్కన పెడితే, యంత్రానికి తేలిగ్గా దొరికేదాంట్లో యంత్రమే అనువదించిన తెలుగు పెరిగిపోతోంది. యంత్రం రాసినదాన్నే యంత్రం మళ్లీ మళ్లీ చదివితే చదువు చెడుతుందని 2024లో 'నేచర్' అనే సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ ఖర్చుతో వేసిన తెలుగు పుస్తకాలను, శాసనసభ చర్చలను, రైతులకిచ్చే సలహాలను యూనికోడ్‌లో పెట్టాలి. అను నుంచి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు అటూ ఇటూ అవుతాయి కాబట్టి ప్రూఫ్ చూసేవాళ్లు కావాలి, మాలాంటివాళ్లకు నాలుగు రోజులు పని కూడా దొరుకుతుంది. రచయితల సొంత పుస్తకాల మాట వేరు, వాళ్లను అడగకుండా ముట్టుకోకూడదు.

మీ పత్రిక పాత సంచికల్లో అను ఫాంట్లలో ఉన్నవి ఎన్నో, వాటిని ఎప్పటికి మారుస్తారో కూడా పాఠకులకు చెప్పగలరా?

– ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి