పునరుద్ధరించి అమ్మిన పాత ఆడియో సెట్టులో లోపాలపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: సంపూర్ణంగా పునరుద్ధరించినట్టు చెప్పి అమ్మిన రిసీవర్, స్పీకర్లు, టర్న్‌టేబుల్‌లలోని లోపాలను సరిచేయవలసిందిగా, లేదా సొమ్ము వాపసు చేయవలసిందిగా కోరుతూ.

అయ్యా,

మీ సంస్థ నుండి ఒకే బిల్లుపై నేను కొన్న పయొనీర్ ఎస్ఎక్స్-1250 రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ కలిసిన పెట్టె), ఏఆర్-3ఏ స్పీకర్ల జత, థోరెన్స్ టీడీ 160 టర్న్‌టేబుల్ అన్నింటిలోనూ లోపాలు ఉన్నాయి. ఫోన్ చేసినా, ఈమెయిలు రాసినా మీ సిబ్బంది చెప్పిన సమాధానం ఒక్కటే: పాత పరికరాలు కదా, వింటేజ్ సౌండ్ అంటే ఇలాగే ఉంటుంది. ఆ సమాధానాన్ని నేను ఒప్పుకోలేను కనుక, ఏ పరికరంలో ఏ లోపం ఉందో, అది వయసు మీద నెట్టేయదగినది ఎందుకు కాదో ఈ లేఖలో వివరిస్తున్నాను.

ఈ పరికరాల ఎంపిక మీద నాకు ఫిర్యాదు లేదని ముందే చెప్పడం న్యాయం. 1967లో వచ్చిన ఏఆర్-3ఏ 4 ఓమ్‌ల స్పీకరు. పూర్తిగా మూసిన పెట్టె కావడం వల్ల లోతైన బేస్ ఇస్తుంది గాని, అందుకు ఆంప్లిఫయర్ నుండి కరెంటును ధారాళంగా లాగుతుంది. 1976 నాటి ఎస్ఎక్స్-1250 చానెల్‌కు 160 వాట్లు ఇవ్వగలది, పవర్ సప్లైలోనే విద్యుత్తును నిల్వచేసే 22,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు నాలుగు ఉన్నది కాబట్టి ఈ రెండూ చక్కగా జత కుదురుతాయని మీ ప్రతినిధి చెప్పిన మాట నిజమే. అందువల్ల వీటికి బదులు వేరే మోడళ్ళు పంపిస్తామన్న మీ ప్రతిపాదనకు నేను సమ్మతించడం లేదు. నేను కోరేది ఇవే పరికరాలు, బిల్లులో మీరు రాసిన స్థితిలో.

అందరికీ తేలికగా అర్థమయ్యే లోపం టర్న్‌టేబుల్‌ది. మొదటి ఎల్పీ పెట్టగానే గాయని గొంతు మగగొంతులా వినిపించింది, పాట ఈడుస్తున్నట్టు సాగింది. పళ్ళెం నిమిషానికి ముప్ఫై మూడుంపావు చుట్లకు పైగా తిరగవలసి ఉండగా 27.8 చుట్లే తిరుగుతున్నదని కొలిస్తే తేలింది. ఈ అంకె చూస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది. టీడీ 160లో ఉన్నది సింక్రనస్ మోటారు. దాని వేగాన్ని నిర్ణయించేది విద్యుత్ సరఫరా ఫ్రీక్వెన్సీ. అందుకే 50 హెర్ట్జ్ సరఫరాకు ఒక పుల్లీ (పళ్ళేన్ని తిప్పే బెల్టు చుట్టుకునే చిన్న చక్రం), 60 హెర్ట్జ్ సరఫరాకు అంతకంటే సన్నని పుల్లీ వేరువేరుగా ఉంటాయి. 60 హెర్ట్జ్ పుల్లీని మన 50 హెర్ట్జ్ సరఫరాపై నడిపితే వేగం ఆరింట అయిదు వంతులకు పడిపోయి, సరిగ్గా 27.8 దగ్గర నిలుస్తుంది. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. పాత టర్న్‌టేబుళ్ళలో వేగం కాస్త అటూ ఇటూ ఉండడం సహజమని మీ సిబ్బంది రాశారు. నూటికి దాదాపు పదిహేడు వంతుల తేడాను కాస్త అనడం భావ్యం కాదు. పైగా ఈ మోడల్‌లో వేగాన్ని సవరించుకునే మీట కూడా లేదు. పంపే ముందు ఎవరైనా ఒక్క పాట పూర్తిగా విని ఉంటే ఈ లోపం మీ గడప దాటేది కాదు. బిల్లులో మాత్రం పరీక్షించినట్టు టిక్కు పెట్టి ఉంది.

రిసీవర్ సంగతి అంత బాహాటమైనది కాదు, కాని ప్రమాదకరమైనది. స్విచ్ వేసిన కొన్ని క్షణాలకు, స్పీకర్లను కాపాడే ప్రొటెక్షన్ రిలే టిక్కుమంటుంది. ఆ టిక్కుతో పాటే కుడి వూఫర్ (బేస్ ఇచ్చే పెద్ద స్పీకరు) కోన్, అంటే ముందుకూ వెనక్కూ కదిలే గరాటు ఆకారపు పొర, కంటికి కనిపించేటట్టు ముందుకు జరిగి, పాట ఏదీ లేకపోయినా అలాగే నిలబడిపోతుంది. అనుభవం ఉన్న ఒక టెక్నీషియన్‌తో స్పీకర్ టెర్మినళ్ళ వద్ద డీసీ వోల్టేజి కొలిపించాను. ఎడమ చానెల్‌లో 12 మిల్లీవోల్టులు, కుడి చానెల్‌లో 340 మిల్లీవోల్టులు వచ్చాయి. సాధారణంగా 50 మిల్లీవోల్టుల లోపు ఉండవలసిన విలువ ఇది. రిలే స్పీకర్ల లంకెను తెంచేంత ఎక్కువ కాకపోవడం వల్ల రక్షణ వ్యవస్థ దీన్ని పట్టించుకోదు. కోన్‌ను కదిలించే తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్ గుండా మాత్రం అనవసరపు కరెంటు నిరంతరం ప్రవహిస్తూనే ఉంటుంది. ఈ కారణంగా రిసీవర్‌ను అప్పటి నుండి వాడడం మానేశాను.

అదే సందర్భంలో పై మూత తీయించి చూస్తే ఇంకో విషయం బయటపడింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చినట్టు మీరు బిల్లులో రాశారు. ఆ కాలపు జపాన్ సెట్లలో భాగాలు కదలకుండా బోర్డు మీద ఒక జిగురు పూసేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది గోధుమ రంగుకు మారి, గట్టిపడి, తాకిన తీగలను తినేస్తుంది. పవర్ సప్లై బోర్డుపై ఆ పాత జిగురు చెక్కు చెదరకుండా, కెపాసిటర్ల మొదళ్ళను పట్టుకుని అలాగే ఉంది. జిగురు పగలకుండా కెపాసిటరు మార్చడం ఎవరికీ సాధ్యం కాదు. డయల్ గాజు, ముందు పలక, చెక్క పెట్టె మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. పనివాళ్ళ సమయం ఎటు పోయిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఇక స్పీకర్లు. కుడి పెట్టెలో ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకరు) మోగడం లేదు. వెనకవైపు, దాని మోతను తగ్గించే పెంచే లెవెల్ కంట్రోల్‌ను అటూ ఇటూ తిప్పితే క్షణం పాటు చిటపటలాడి మళ్ళీ మూగబోతున్నది కనుక, ఈ మోడల్‌కు బాగా పేరుపడ్డ, ఆ కంట్రోల్ లోపల పట్టే తుప్పు జబ్బే దానికి కారణమని వేరే చెప్పనక్కరలేదు. ఏఆర్-3ఏ తెలిసినవారు ముందుగా విప్పి చూసే భాగమే అది. ఎడమ పెట్టె విషయం మరింత బాధాకరం. వూఫర్ అంచున ఉన్న పాత ఫోమ్ సర్రౌండ్‌ను మార్చి కొత్తది అతికించారు, మంచిదే; కాని కోన్‌ను నడిమధ్యకు తేకుండా అతికించారు. రెండు చేతుల వేళ్ళతో సమానంగా మెల్లగా నొక్కితే, లోపల వాయిస్ కాయిల్ అయస్కాంతపు సందులో గీసుకుంటున్న గరగర వినిపిస్తుంది. నొక్కి వదిలిన కోన్ వెంటనే ఎగిరి పూర్వస్థితికి వస్తున్నది కూడా. మూసిన పెట్టెలో గాలి బయటికి పోయే దారి లేకపోతే కోన్ నింపాదిగా వెనక్కి రావాలి. ఏఆర్ సంస్థ సహస్థాపకుడు ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1తో మార్కెట్లోకి తెచ్చిన పద్ధతికి ఆయువుపట్టు ఇదే: కోన్‌ను వెనక్కి లాగేది ప్రధానంగా పెట్టెలో బందీ అయిన గాలే. గాలి కారిపోయే పెట్టె నుండి ఆ స్పీకరుకు పేరు తెచ్చిన బేస్ రాదు.

ఇవన్నీ కలిపి మీ సిబ్బంది వింటేజ్ సౌండ్ అంటున్నారు. పాత ఆడియో మీద ఇష్టం ఉన్నవారు కోరుకునేది లోపాలను కాదు. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంప్లిఫయర్ల శక్తిని ప్రకటించే తీరుపై నిబంధన తెచ్చాక తయారైన రిసీవర్ ఇది. అందుకే రెండు చానెళ్ళూ ఒకేసారి 8 ఓమ్‌ల లోడ్‌తో పనిచేస్తుండగా, 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు, 0.1 శాతానికి మించని డిస్టార్షన్‌తో (ధ్వని వక్రీకరణతో) 160 వాట్లు అని తయారీదారు షరతులతో సహా ప్రకటించాడు. అర్ధశతాబ్దం కిందటి కంపెనీ అంకెలు ఇచ్చి అమ్మిన వస్తువును మీరు విశేషణాలతో అమ్మారు. పునరుద్ధరణ అన్న మాటకు కొలతల కాగితం తోడు లేకపోతే అది పైపైన తుడిచి మెరిపించడం మాత్రమే అవుతుంది.

కాబట్టి టర్న్‌టేబుల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ అమర్చి వేగం కొలిచి చూపవలసిందిగా, రిసీవర్‌లో బిల్లులో రాసిన కెపాసిటర్లన్నీ నిజంగా మార్చి, ఆ జిగురు పూర్తిగా తొలగించి, రెండు చానెళ్ళ డీసీ ఆఫ్‌సెట్‌ను (స్పీకర్ టెర్మినళ్ళ వద్ద మిగిలే ఆ డీసీ వోల్టేజిని), బయాస్‌ను (పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్ల గుండా పారే కరెంటును) సరిచేయవలసిందిగా, ఎడమ వూఫర్ సర్రౌండ్‌ను కోన్ మధ్యకు తెచ్చి మళ్ళీ అతికించి, పెట్టె నుండి గాలి కారకుండా చేసి, కుడి పెట్టెలోని లెవెల్ కంట్రోళ్ళను శుభ్రం చేయడమో మార్చడమో చేయవలసిందిగా కోరుతున్నాను. పని ముగిశాక ప్రతి పరికరానికీ పనికి ముందు, తరువాత తీసిన కొలతలను, తీసేసిన పాత భాగాలను నాకు అందజేయాలి. రానుపోను రవాణా ఖర్చు మీదే. కుడి వూఫర్ వాయిస్ కాయిల్ ఆ డీసీ వల్ల దెబ్బతిన్నట్టు తేలితే దాని బాధ్యత కూడా మీరే వహించాలి.

ఈ పని మీ వర్క్‌షాపులో సాధ్యం కాదనుకుంటే ఆ మాటే రాసి, మొత్తం సొమ్ము తిరిగి చెల్లించండి. అందుకు నాకు అభ్యంతరం లేదు. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకమైన సమాధానం రానిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవలసి వస్తుంది. బిల్లు నకలు, టెక్నీషియన్ రాసిచ్చిన కొలతలు, పవర్ సప్లై బోర్డు ఫొటోలు, కుడి వూఫర్ కోన్ జరగడం కనిపించే వీడియో దీనితో జతచేస్తున్నాను.

మీరు పంపిన పెట్టెలు, లోపలి థర్మోకోల్ అచ్చులు భద్రంగానే ఉన్నాయి. రిసీవర్ చాలా బరువైనది కనుక తీసుకువెళ్ళడానికి కనీసం ఇద్దరిని పంపి, వారు వచ్చే తేదీని ముందుగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(సంతకం)