భాగం మార్చే ముందు కారణం తేల్చాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు.

కారు సంరక్షణ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఏ భాగాన్ని ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చుకోవాలో చెప్పే పట్టికలు తరచుగా కనిపిస్తాయి. అవి ఉపయోగపడేవే. అయితే వాటికంటే ముందు జరగవలసిన పని ఒకటి ఉంది: చెడింది ఏ భాగమో కచ్చితంగా గుర్తించడం, అది ఎందుకు చెడిందో తేల్చడం, ఆ తరువాతే పానా చేతపట్టడం. చాలా కాలంగా కార్ల మరమ్మతు పనిలో ఉన్న నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం, ఈ పనికి మరమ్మతు బిల్లులో చోటు లేకపోవడమే. బిల్లులో విడిభాగం ధర ఉంటుంది, దాన్ని బిగించిన కూలి ఉంటుంది. లోపాన్ని వెతకడానికి పట్టిన సమయం సాధారణంగా కనిపించదు. వెతికినందుకు ఏమీ రాక, భాగం అమ్మినప్పుడే ఆదాయం వచ్చే ఏర్పాటులో నిజాయితీపరుడైన మెకానిక్ కూడా అనుమానం ఉన్న భాగాన్ని మార్చి చూద్దామనే వైపుకే మొగ్గుతాడు. అందువల్ల తనిఖీని ప్రత్యేకమైన పనిగా గుర్తించి, దానికి విడిగా రుసుము ఇచ్చి పుచ్చుకునే పద్ధతి రావాలని నా అభిప్రాయం.

ఊహ మీద భాగాలు మార్చడం ఎక్కువగా జరిగేది చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడు. స్కానర్ తగిలించగానే తెర మీద ఒక కోడ్ వస్తుంది, దాని వివరణలో ఒక భాగం పేరు ఉంటుంది, వెంటనే ఆ భాగం కోసం ఫోను వెళుతుంది. కారు కంప్యూటర్ లోపాలను తానే పసిగట్టి కోడ్ రూపంలో చూపే, ఓబీడీ అని పిలిచే ఈ ఏర్పాటు అమెరికాలో 1996 నుంచి, ఐరోపా సమాఖ్యలో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. దాని ప్రధాన ఉద్దేశం పొగ కాలుష్యాన్ని అదుపులో ఉంచడం. ఏ కొలత ఉండవలసిన హద్దు దాటిందో అది చెబుతుంది గాని, ఏ భాగం కొనాలో చెప్పడానికి దాన్ని తయారు చేయలేదు.

పీ0171 అనే కోడ్‌నే తీసుకుందాం. ఇంజిన్‌లో మండే మిశ్రమంలో గాలి ఎక్కువై, ఇంధనం తక్కువైందని దాని అర్థం. ఆ సంగతిని ఆక్సిజన్ సెన్సర్ పసిగట్టింది కనుక ఆ సెన్సర్‌నే మార్చేసేవారు ఉన్నారు. నిజానికి అది తన పని సక్రమంగా చేసినందువల్లే కోడ్ వచ్చి ఉండవచ్చు. ఇన్‌టేక్ వైపు, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే వైపు, రబ్బరు గొట్టం ఎక్కడో చిట్లి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతూ ఉండవచ్చు, లోపలికి వచ్చే గాలిని కొలిచే సెన్సర్ మీద మురికి పేరుకుని ఉండవచ్చు, ఇంధన పంపు ఒత్తిడి పడిపోయి ఉండవచ్చు. పొగలోని హానికర వాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని చెప్పే పీ0420 విషయంలో నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే కారులోని ఖరీదైన భాగాల్లో అది ఒకటి. సైలెన్సర్ గొట్టంలో చిన్న లీకు ఉన్నా ఆ కోడ్ రావచ్చు. ఒకవేళ కన్వర్టర్ నిజంగానే చెడిపోయినా, సిలిండర్‌లో మండకుండా మిగిలిన పెట్రోలు అందులోకి వెళ్లి మండి దాన్ని కాల్చివేసి ఉంటే, ఆ మిస్‌ఫైర్‌ను సరిచేయకుండా బిగించిన కొత్త కన్వర్టర్‌కు కూడా అదే గతి పడుతుంది.

ఏమీ కొనకుండానే సందేహం తీర్చుకునే మార్గాలు చాలాసార్లు చేతిలోనే ఉంటాయి. మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని చెప్పే పీ0301 వచ్చిందనుకోండి. ప్రతి సిలిండర్‌కు స్పార్క్ ప్లగ్‌కు విద్యుత్తు అందించే ఇగ్నిషన్ కాయిల్ విడిగా ఉన్న ఇంజిన్‌లో మొదటి కాయిల్‌ను రెండో సిలిండర్‌కు, రెండోదాన్ని మొదటిదానికి మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ నడిపి చూడాలి. ఈసారి పీ0302 వస్తే దోషం కాయిల్‌తో పాటే కదిలింది కనుక కాయిల్ చెడిందని తేలుతుంది. పీ0301 కదలకుండా అక్కడే ఉంటే కాయిల్‌ను వదిలేసి స్పార్క్ ప్లగ్, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్‌లోని ఒత్తిడి (కంప్రెషన్) వైపు చూడాలి. ఈ పరీక్షకు ఖర్చు లేదు, కావలసింది ఓపిక. ఆ ఓపికకే మనం విలువ కట్టడం లేదు.

బ్రేకుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అరిగిన భాగం వేరు, అరుగుదలకు కారణం వేరు అన్న సంగతి ఇక్కడ అన్నిటికంటే స్పష్టంగా తెలుస్తుంది. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపుల నుంచీ నొక్కి ఆపేవి ప్యాడ్లు. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు దగ్గరైతే మార్చడం మంచిది. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప రేకు ఒకటి అమర్చి ఉంటుంది, అరుగుదల హద్దుకు రాగానే అది డిస్కును తాకి కీచుమంటుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. ప్యాడ్లు ఊడదీసిన తరువాత వాటిని పక్కన పడేయకుండా చేతిలోకి తీసుకుని చూడటం మాత్రం అరుదు. లోపలి ప్యాడ్ పూర్తిగా అరిగి, బయటి ప్యాడ్ సగం మిగిలి ఉంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ జరిగే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకున్నాయని అనుమానించాలి. ఒకే ప్యాడ్ ఒక చివర మందంగా, మరో చివర పలుచగా ఉన్నా క్యాలిపర్ తిన్నగా కదలడం లేదనే అర్థం. పిన్నులు శుభ్రం చేసి, అందుకు తగిన గ్రీజు రాసి, చిరిగిన రబ్బరు తొడుగులు మార్చకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా అలాగే అరుగుతాయి, పైగా రాపిడి వేడికి డిస్కు కూడా పాడవుతుంది. ఇక ప్యాడ్లను ఒక చక్రానికి మాత్రమే మార్చకూడదు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ కలిపి మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగవచ్చు.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కు వంకరపోయిందని చెప్పి కొత్తది వేయడం మామూలు. వణుకు పోతుంది, కొన్ని వేల కిలోమీటర్ల తరువాత తిరిగి వస్తుంది. డిస్కు మందంలో మిల్లీమీటరులో వందో వంతుల స్థాయి తేడాలు కూడా చేతికి తెలిసేంత వణుకు పుట్టిస్తాయి. ఆ తేడా తరచుగా డిస్కునూ చక్రాన్నీ బిగించే హబ్ దగ్గర మొదలవుతుంది. డిస్కు ఆనుకునే హబ్ ముఖం మీద తుప్పు పొర మిగిలి ఉన్నా, చక్రం నట్లను ఒక వరసలో కాక ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా బిగించినా డిస్కు కొద్దిగా ఏటవాలుగా కూర్చుని, ప్రతి చుట్టులోనూ ఒకే చోట ప్యాడ్‌కు రాసుకుని, అక్కడ అరిగి మందం తేడా వస్తుంది. కనుక ఆ తుప్పును ఇనుప బ్రష్‌తో పూర్తిగా తీసివేయడం, సూక్ష్మమైన కదలికను చూపే డయల్ గేజ్ పెట్టి డిస్కు ఊగుడు కొలవడం, నట్లను ఎదురెదురు క్రమంలో బిగువును కొలిచే టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన బిగువుకు బిగించడం మరమ్మతులో భాగమే. పానా కొనకు గొట్టం తొడిగి ఒంటి బలంతో నట్లు బిగించే అలవాటును ఇకనైనా మానుకోవాలి. డిస్కును వాడదగిన కనీస మందం ఎంతో దాని మీదే ముద్రించి ఉంటుంది. కొలిచి, ఆ అంకెతో పోల్చిన తరువాతే మార్చాలో వద్దో చెప్పడం న్యాయం.

టైరు తన మీది అరుగుదలతోనే కారు కింద ఏం జరుగుతోందో చెబుతుంది. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులూ అరిగితే తక్కువైనట్టు, ఒక అంచే అరిగితే చక్రాల కోణం తప్పినట్టు. పక్కపక్కనే గుంటలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బర్లు నీరసించాయేమో, చక్రాల బ్యాలెన్సింగ్ తప్పిందేమో చూడాలి. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ మార్చిన తరువాత వీల్ ఎలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైరు కూడా త్వరలోనే ఒక అంచు కోల్పోతుంది.

శబ్దాల విషయంలో యజమాని ఇచ్చే సమాచారమే సగం పరీక్ష. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు టకటకమంటే ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే ఇరుసు చివరి కీలు, అంటే బయటి సీవీ జాయింట్, అరిగి ఉండవచ్చు; దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోవడం, లోపలికి దుమ్ము చేరడం సాధారణంగా అంతకుముందే మొదలవుతాయి కనుక ఆ చిరుగును తొలిదశలోనే చూస్తే బూటు మార్చడంతోనే సరిపోతుంది. వేగంతో పాటు పెరిగే హోరు, కారు ఎడమకు తిరిగినప్పుడు ఇంకా ఎక్కువైతే బరువు పడిన కుడివైపు చక్రపు బేరింగ్‌ను ముందుగా అనుమానించాలి. అందుకే మెకానిక్ దగ్గరకు వెళ్లి ‘బేరింగ్ మార్చండి’ అని అడగడం కంటే, ఏ వేగంలో, ఏ వైపు తిరిగినప్పుడు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, బ్రేకు వేస్తేనా యాక్సిలరేటర్ తొక్కితేనా అన్నది చెప్పి, వీలైతే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అదే శబ్దం వచ్చేలా నడిపి చూపించాలి. మందు పేరు మనమే చెబితే జబ్బు వెతికే బాధ్యత అవతలివారికి ఉండదు.

ఉదయం బండి స్టార్టు కాకపోతే బ్యాటరీ మార్చడం కూడా ఇలాంటిదే. పూర్తిగా ఛార్జ్ అయి, కొంతసేపు వాడకుండా ఉంచిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, 12.2కు దిగితే అందులో దాదాపు సగం ఛార్జే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి, ఛార్జింగ్‌ను కంప్యూటరే అదుపు చేసే కార్లలో ఈ అంకె కొంత మారుతూ ఉంటుంది. ఇది 12 దగ్గరే ఆగిపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును, తీగలను చూడాలి. అలాగే సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ కొసకు, ఇంజిన్ ఇనుముకు మధ్య మల్టీమీటర్ పెట్టి చూస్తే వోల్టులో రెండు మూడు పదో వంతులకు మించి రాకూడదు. అర వోల్టు దాటితే బ్యాటరీని కారు ఇనుముకు కలిపే ఎర్త్ తీగలోనో దాని బిగింపులోనో అడ్డు ఉన్నట్టే. ఆ కొసను విప్పి, శుభ్రం చేసి బిగిస్తే తీరిపోయే సమస్యకు మంచి బ్యాటరీని, ఒక్కోసారి సెల్ఫ్ మోటారును కూడా తీసేయడం నేను చూశాను.

ఇంత చెప్పాక, అన్ని భాగాలూ చెడే వరకు ఆగాలని నేను అంటున్నట్టు పాఠకులు భావించకూడదు. కొన్ని భాగాలు ముందస్తు సంకేతం ఇవ్వవు. పిస్టన్ల, వాల్వుల కదలికలను జతపరిచే టైమింగ్ బెల్టు బయటకు బాగానే కనిపిస్తూ ఒక్కసారిగా తెగవచ్చు, తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను ఢీకొని ఇంజిన్ మొత్తం విప్పవలసి వస్తుంది. దాన్ని తయారీదారు చెప్పిన కిలోమీటర్లకో సంవత్సరాలకో, ఏది ముందు వస్తే దానికి, మారు మాట లేకుండా మార్చాలి; బెల్టును బిగువుగా, దారిలో ఉంచే టెన్షనర్, ఐడ్లర్, ఆ బెల్టుతోనే తిరిగేదైతే వాటర్ పంపు కూడా అప్పుడే మార్చడం మంచిది, ఎందుకంటే వాటిని చేరుకోవడానికి పట్టే శ్రమ ఒకటే. బ్రేకు ఆయిలు కూడా అంతే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరినప్పుడు అదే ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. పొడవైన దిగుడు దారిలో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ ఆయిలు మరిగితే పెడల్ నేలకు తగులుతుంది. ఇలాంటి వాటికి పట్టికే ప్రమాణం. తక్కిన చోట్ల కొలతే ప్రమాణం కావాలి.

నేను కోరే మార్పు పెద్దదేమీ కాదు. వర్క్‌షాపులు తనిఖీకి ఒక రుసుము ముందే ప్రకటించాలి, యజమానులు దాన్ని దండగగా చూడకూడదు. బిల్లుతో పాటు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి ఇవ్వాలి: యజమాని చెప్పిన లక్షణం, చేసిన పరీక్ష, వచ్చిన కొలత, అరుగుదలకు కారణం. తీసేసిన భాగాన్ని యజమానికి చూపించి, అడిగితే ఇచ్చేయాలి. పాత భాగం కళ్ల ముందు ఉంటే మెకానిక్ మాటకు సాక్ష్యం దొరుకుతుంది, నిజాయితీగా పనిచేసేవారికి అది రక్షణ కూడా. పని నేర్పే సంస్థలు సైతం విప్పడం, బిగించడం నేర్పినంత శ్రద్ధగా మల్టీమీటర్, డయల్ గేజ్, ప్రెషర్ గేజ్ వాడకాన్ని నేర్పాలి. నేర్చుకునే కుర్రవాళ్లకు తీసేసిన భాగాలను బల్ల మీద పరచి ‘ఇది ఇలా ఎందుకు అరిగింది’ అని అడిగే పాఠం ఉండాలి.

మరమ్మతు ముగిశాక చేసే పరీక్షను కూడా ఆ కాగితంలో చేర్చాలి. లక్షణం ఏ వేగంలో, ఏ పరిస్థితిలో కనిపించిందో అదే పరిస్థితిలో కారును మళ్లీ నడిపి, మార్చక ముందు తీసుకున్న కొలతను మార్చిన తరువాత కూడా తీసుకుని, రెండు అంకెలూ పక్కపక్కన రాసి, పని చేసినవారు కింద సంతకం చేయాలి.

ఇట్లు,
ఒక కారు మెకానిక్